ఎవరూ ఎక్కని బస్సు

సెయింట్ విన్సెంట్ దీవి ఉత్తరపు కొసన, ఓవియా ఊళ్ళో ఎల్మీనా ఇంటి గుమ్మంలో నిలబడితే, వాన వెలిసిన మర్నాడు, సముద్రానికి అవతల సెయింట్ లూసియా కొండలు చెయ్యి చాస్తే అందేటట్టు కనిపిస్తాయి. మిగతా రోజుల్లో మబ్బో, నీటిపొగో అన్నట్టుంటాయి. పొద్దున్నే లేచి ముందు అటు చూసి, ఆ తరవాతే ఆమె పొయ్యి వెలిగించేది. ఎందుకలా చూస్తావని ఎవరైనా అడిగితే, గాలి ఎటుందో తెలియాలి కదా అనేది. చేపల వేటకెళ్ళే ఇళ్ళలో అందరూ చూసేదే కాబట్టి ఎవరూ రెండోసారి అడగలేదు.

ఆ దీవిలో తన అన్న టైటస్ లబోర్డ్ ఉన్నాడని ఆమె నమ్మకం. కళ్ళారా చూసి చెప్పినవాళ్ళు లేరు. అగ్నికొండ పేలిన ఏడాది, గుడ్‌ఫ్రైడే నాడు, బూడిద కురుస్తుంటే నాలుగేళ్ళ ఎల్మీనాని భుజాలమీద ఎక్కించుకుని టైటస్ దక్షిణానికి నడిచాడు. అప్పటికి అతనికి పద్దెనిమిది. తల్లి అంతకుముందే పోయింది. తండ్రి ఎవరో ఊరందరికీ తెలుసు గాని, ఆ పెద్దమనిషికే తెలియనట్టుండేవాడు. దారిలో ఎల్మీనా నిద్రపోయింది. మెలకువ వచ్చేసరికి ఏదో ఊరి చర్చిలో బెంచీమీద ఉంది. ఒంటిమీద ఎవరిదో దుప్పటి. టైటస్ లేడు. పడవెక్కాడని ఒకరన్నారు, ఆ పడవ సెయింట్ లూసియా పోయేదని ఇంకొకరన్నారు. అంతే. ఆ తరవాత కబురు లేదు.

ఆమెకి అతని మొహం గుర్తులేదు. ఇంట్లో ఫొటో ఒక్కటి కూడా లేదు. భుజాలమీద కూర్చున్న పిల్లకి మొహం ఎక్కడ కనిపిస్తుంది? పైనించి కనిపించిన తల, జుట్టులో పేరుకున్న బూడిద, తాను గట్టిగా పట్టుకున్న రెండు చెవులు, ఇవే ఆమె దగ్గర మిగిలిన అన్న.

అవతలి దీవి రేడియో ఆ ఊళ్ళో సొంత రేడియో కన్నా బాగా వినిపిస్తుంది. ఆ రోజు అందులో చావు కబుర్లు చదివే వేళకి ఎల్మీనా పొయ్యి దగ్గరుంది. "మోర్న్ కనెల్ వాస్తవ్యుడు, ఒకప్పుడు సెయింట్ విన్సెంట్ వాడు, విన్సీ అని అందరూ పిలుచుకునే బస్సు డ్రైవరు టైటస్ లబోర్డ్ పోయారు" అని చదివింది రేడియో అమ్మాయి. శుక్రవారం మధ్యాహ్నం రెండింటికి మోర్న్ కనెల్ చర్చిలో ప్రార్థన అంది. తరవాత ఆయన వదిలిపోయిన వాళ్ళ పేర్లు. భార్య ఫిలోమీన్, ఇద్దరు కొడుకులు, కూతురు, మనవలు, బావమరుదులు, వాళ్ళ పిల్లలు, దీవిలో ఉన్న డ్రైవర్లందరూ. ఎల్మీనా గరిటె పట్టుకుని చివరిదాకా నిలబడి విన్నది. ఆమె పేరు రాలేదు.

కొడుకు కెల్రాయ్ వేటనించి రాగానే చెప్పింది.

"ఇన్నేళ్ళూ లేనిది ఇప్పుడెందుకమ్మా? చచ్చాక చూసి ఏం చేస్తావ్?"

"మొహం చూస్తాను."

"ఎవరో ఏంటో. మన రేడియోలో కూడా కాదు."

"శవపెట్టెకి మూత పెట్టేలోపల చేరాలి. తీసుకెళ్తావా, వేరే పడవ చూసుకోనా?"

కెల్రాయ్ తల గోక్కున్నాడు. తల్లి ఆ గొంతుతో మాట్లాడితే ఇక బేరం లేదని వాడికి తెలుసు.

శుక్రవారం తెల్లవారుతుండగా బయల్దేరారు. దీవుల మధ్య నీళ్ళు ఎప్పుడూ రెండు వైపులకీ లాగుతాయి. ఎల్మీనా ఒళ్ళంతా ఉప్పునీళ్ళతో తడిసింది గాని, నల్ల గౌను మాత్రం ప్లాస్టిక్ సంచిలో పొడిగా ఉంది. అవతలి దీవిలో వ్యూఫోర్ట్ రేవులో దిగి, చేపల షెడ్డు వెనక గౌను మార్చుకుంది.

"నేను రాలేను" అన్నాడు కెల్రాయ్. "ఇక్కడ వదిలిపెడితే తిరిగొచ్చేసరికి పడవుంటుంది, ఇంజనుండదు. ఎంతాలస్యమైనా ఇక్కడే ఉంటా."

రేవు ఆఫీసులో కూర్చున్న కుర్ర ఆఫీసరు ఆమె కాగితం చూసి, "ఎందుకొచ్చారమ్మా?" అన్నాడు.

"చూడ్డానికి."

"మంచిది. మా ఇసుకతీరాలు చాలా బాగుంటాయి. తలకి టోపీ పెట్టుకోండి." ముద్ర గుద్ది కాగితం ఇచ్చేశాడు.

బస్‌స్టాండులో బస్సులంటే వ్యాన్లే, ఏ ఊరివి ఆ ఊరి వరసలో నిలబడి ఉన్నాయి. నిండితే గాని ఒక్కటీ కదలదు. లోపల కూర్చున్నవాళ్ళు విసనకర్రలు విసురుకుంటూ, బయట నిలబడ్డవాళ్ళని ఎక్కమని కేకలేస్తున్నారు. ఎల్మీనా ఒక్కో వరస దగ్గరా ఆగి, గుడ్ మార్నింగ్ చెప్పి అడిగింది. ఆ దీవివాళ్ళ పత్వా భాషలో జవాబులొచ్చాయి. ఆ మాటల్లో నవ్వులు తెలుస్తున్నాయి, అర్థం తెలియడం లేదు. ఓవియా గుమ్మంలో రేడియోలో వింటే ఆ భాష పక్కింటివాళ్ళ మాటలా ఉండేది. ఇక్కడ నలుగురి మధ్య నిలబడి వింటే తాను చెవిటిదాన్నేమో అనిపించింది.

స్టాండు చివర ఒక వరస మొత్తం ఖాళీ. అక్కడ కళాయిలో బేక్స్ అనే పిండి రొట్టెలు వేయిస్తున్న ముసలావిడని అందరూ 'మా టెలెస్', అంటే టెలెస్ అమ్మ, అంటున్నారు.

"మోర్న్ కనెల్ బస్సు ఎక్కడాగుతుందమ్మా?"

ముసలావిడ పత్వాలో ఏదో అంది.

"మీ పత్వా నాకు రాదు."

"ఓహో, సెయింట్ విన్సెంట్ మనిషివా! నోరు తెరవగానే తెలిసిపోయిందిలే. మీరు మాట్లాడినా పాడినట్టే ఉంటుంది." పిండి ఉండని నూనెలోకి జార్చింది. "ఇవాళ మోర్న్ కనెల్‌కి బస్సు లేదు బంగారం. ఒక్కటీ లేదు. రేపు రా."

"రేపు నాకెందుకు? నాకివాళే కావాలి."

"ఇవాళ అన్నీ చావుకి పోయాయి. డ్రైవరు పోతే ఆ దారి బస్సులన్నీ ఆయన వెంటే పోవాలి కదా. మీవాడే, విన్సీ."

"ఆ చావుకే వచ్చాను."

మా టెలెస్ గరిటె ఆపి చూసింది. "నీకేమవుతాడు?"

రేడియోలో చదివిన పేర్లన్నీ ఎల్మీనా చెవిలో మళ్ళీ ఒకసారి తిరిగాయి. "తెలిసినాయన" అంది.

"ఆయన తెలియనిదెవరికి! నా బేక్స్ తిని మెచ్చుకోని రోజు లేదు. మెచ్చుకుని డబ్బులివ్వని రోజులు మాత్రం చాలా ఉన్నాయి." ముసలావిడ నవ్వింది. ఆ నవ్వులోనే కళ్ళు తుడుచుకుంది. "చూడు, ఇలా వెళ్తే పెట్రోలు బంకు దాటాక మలుపులో సిమెంటు షెల్టరుంది. శవాన్ని టౌనులోంచి అటే తీసుకెళ్తారు. నువ్వక్కడ నిలబడి చెయ్యెత్తు. ఎవరో ఒకరు ఆపుతారు."

"నిండిపోయి ఉంటే?"

"చావుకెళ్ళే బస్సు నిండడమేంటమ్మా? ఒళ్ళో కూచోబెట్టుకుంటారు. ఇదుగో, తిను. ఖాళీ కడుపుతో శవం దగ్గరకి పోకూడదు."

ముసలావిడ అన్నీ చెప్పింది. అక్కడ పుట్టినవాళ్ళకి చెప్పక్కర్లేని ఒక్క మాట మాత్రం చెప్పలేదు. ఆవిడకి గుర్తే రాలేదు.

షెల్టరు దగ్గర ఎల్మీనా, గడ్డిలో కట్టేసిన మేక తప్ప ఎవరూ లేరు. రోడ్డుకి అటుపక్క అరటితోటలు. ఎండ ఎక్కింది. కారులో పోతున్న తెల్లవాళ్ళు ఇద్దరు ఆగి, జలపాతానికి దారి అడిగారు. నాకు తెలీదు, నేనీ ఊరిదాన్ని కాదు అంది. వాళ్ళు నమ్మలేనట్టు చూసి వెళ్ళిపోయారు. ఆ తరవాత చాలాసేపు రోడ్డుమీద ఏమీ లేదు. మూత పెట్టేస్తారేమో అని ఆమె రోడ్డు మధ్యకి వెళ్ళి తొంగిచూసి వచ్చింది. మొహం చూడకుండా వెనక్కి పోతే ఇక ఏముంది? మట్టిదిబ్బ చూసి, ఇదే మా అన్న అనుకోవాలి.

హారన్లు దూరంనించే వినిపించాయి. ఒకటి ఆగకముందే ఇంకొకటి, ఆవులు అరిచినట్టు. ముందు నల్ల బండి వచ్చింది, అద్దంలోంచి పూలు మాత్రం కనిపించాయి. దాని వెనక పట్టపగలు దీపాలు వెలిగించుకుని, అద్దాలకి నల్లగుడ్డలు కట్టుకుని వ్యాన్లు. ఎల్మీనా రోడ్డంచుకి వచ్చి చెయ్యెత్తింది. మొదటి వ్యానులోవాళ్ళు ఆమెని చూసి వాళ్ళూ చేతులెత్తారు. రెండో దాంట్లోవాళ్ళూ ఎత్తారు. దారి పొడుగునా జనం చేతులెత్తి విన్సీని సాగనంపుతున్నారు. ఈమె కూడా వాళ్ళలో ఒకర్తె అనుకున్నారు. "ఆగండి!" అని అరిచింది. హారన్లలో ఎవరికి వినిపిస్తుంది? వ్యాను వెనక వ్యాను పోతూనే ఉంది. ఆమె చెయ్యి దించలేదు.

ఆఖర్న నీలంరంగు వ్యాను ఒకటి, మిగతావాటికి కాస్త ఎడంగా, మెల్లగా వచ్చింది. ముందద్దం మీద తెల్లరంగుతో 'నిదానం' అని రాసి ఉంది. అది హారను కొట్టడం లేదు. సరిగ్గా షెల్టరు ముందుకొచ్చి ఆగింది. పక్కతలుపు జరిగి తెరుచుకుంది. లోపల సీట్లన్నీ ఖాళీ.

దేవుడున్నాడు అనుకుని ఎల్మీనా గబగబా ఎక్కేసింది. "గుడ్ ఆఫ్టర్‌నూన్" అంటూ డ్రైవరు వెనక సీట్లో కూర్చుంది.

డ్రైవరు భారీ మనిషి. చంకల్లో పట్టేస్తున్న నల్లకోటు. మెడ తిప్పి ఆమెని చూసి నోరు తెరిచాడు.

"ఏం చేస్తున్నావ్?" అన్నాడు.

"కూర్చున్నాను."

"దిగు."

"ఎందుకు దిగాలి? తలుపు తీశావుగా."

"నీ కోసం తీయలేదు!"

"మరెవరి కోసం తీశావ్? ఇక్కడ నేను కాక మేకొక్కటే ఉంది."

"ఎవరి కోసమూ కాదు! ఇది చచ్చిపోయినాయన బస్సు. ప్రతి స్టాపులో ఆపాలి, తలుపు తీయాలి, మూయాలి. ఎవరూ ఎక్కకూడదు. ఆయన మట్టిలో పడేదాకా, తోలేవాడు కాక, ఆయన రక్తం తప్ప ఇంకెవరూ ఇందులో కూచోకూడదు. ఇది కూడా తెలీదా? పాలు తాగే పిల్లకి తెలుసు!"

"నాకెవరూ చెప్పలేదు."

"చెప్పడమేంటి? ఇది చెప్పాలా?" అతను కిటికీలోంచి ముందుకి చూశాడు. ఊరేగింపు తోక మలుపు తిరుగుతోంది. అది కనుమరుగైతే ఇంకో అపచారం. "తల్లీ, నీకు దణ్ణం పెడతా, దిగు. వెనక ఇంకేదైనా కారొస్తుంది."

"రాదు. పొద్దున్నించీ నిలబడ్డాను. మూత పెట్టేలోపల నేనక్కడుండాలి."

"నువ్వు చూడకపోతే ఆయన లేచి కూచుంటాడా?"

ఆమె దిగలేదు. ముందు సీటు కమ్మీని రెండు చేతులా పట్టుకుంది. అతను పత్వాలో గట్టిగా ఏదో అని, తలుపు లాగి, బండి కదిలించాడు.

"పరాయివాళ్ళు కూచుంటే ఈ బండి కొండెక్కదంటారు. ఆగిపోయిందనుకో, దిగి నువ్వే తొయ్యాలి. పైదాకా."

"తోస్తాను."

కొంతదూరం పోయాక అతని కోపం కాస్త చల్లారింది. అతని పేరు క్లోవిస్. విన్సీ, అతను ఒకే ఏడాది బస్సులు కొన్నారట. ఒకరి ప్రయాణికుల్ని ఒకరు లాక్కుని కొట్టుకున్నారట కూడా. తరవాత ఒకరి పిల్లలకి ఒకరు జ్ఞానస్నానపు తండ్రులయ్యారు. క్లోవిస్ ఇదంతా రోడ్డుతో చెబుతున్నట్టు చెప్పాడు.

"రక్తమైతే కూచోవచ్చా?" అంది ఎల్మీనా.

"కూచోవచ్చు. ఎవరున్నారు గనక? పెళ్ళాం బిడ్డలు ముందు కారులో ఉన్నారు. ఆయనకి ముందూ వెనకా ఎవరూ లేరు."

"ఆయనే చెప్పాడా?"

"ఆయనే. మీ దీవి మాటెత్తితే లేచిపోయేవాడు. మీ పడవేదన్నా రేవులో ఉందని తెలిస్తే అటు బండి తిప్పేవాడే కాదు. స్టాండులోనే జనాన్ని దింపేసి తిరిగొచ్చేవాడు. అదేం పగరా అంటే మాట్లాడడు. నువ్వూ ఆ దీవి మనిషివేగా? ఏం చేశారు మీరాయన్ని?"

కెల్రాయ్ ఎన్నిసార్లు ఈ రేవుకొచ్చాడో ఎల్మీనాకి తెలుసు. ఆమె మొగుడు బతికుండగా ఇంకెన్నిసార్లో. వాళ్ళు చేపలు దింపుతుంటే ఈ నీలం బస్సు రోడ్డుమీదనించే వెనక్కి తిరిగిపోయిందన్నమాట. నేను చెల్లెల్ని అని చెప్పబోయినది మానుకుని ఎల్మీనా కిటికీ వైపు తిరిగింది. అక్కర్లేదనుకున్నవాడి దగ్గరకి చుట్టరికం చెప్పుకుంటూ ఎలా పోవడం?

స్టాపు తరవాత స్టాపు. ప్రతిచోటా క్లోవిస్ ఆపుతున్నాడు, తలుపు తీస్తున్నాడు, ఒక ఊపిరి ఆగి మూస్తున్నాడు. స్టాపుల్లో నిలబడ్డ జనం టోపీలు తీసి తలలు వంచుతున్నారు. తల ఎత్తగానే వాళ్ళ కళ్ళు ఎల్మీనామీద పడుతున్నాయి. ఒక ఆడమనిషి ఛాతీమీద సిలువ గీసుకుంది. ఒక మగాయన బస్సు పక్కనే నడుస్తూ క్లోవిస్‌ని పత్వాలో తిట్టాడు. క్లోవిస్ చేతులు గాల్లో తిప్పి తనకేం తెలీదన్నాడు. ఇంకోచోట పిల్లలు వేలెత్తి చూపిస్తుంటే తల్లి వాళ్ళ చేతులమీద కొట్టింది. దిగిపోతే ఈ చూపులు తప్పుతాయి. కాని దిగితే మొహం దక్కదు. ఎల్మీనా సంచి ఒళ్ళో పెట్టుకుని నిటారుగా, ఎవరికీ కనిపించనట్టుగా కూర్చుంది. అంత ఖాళీ బస్సులో ఒక్కర్తీ కూర్చున్న మనిషి దాక్కోవడానికి చోటెక్కడుంది?

కొండదారి మొదలైంది. కోకో చెట్ల నీడ రోడ్డుమీద పరుచుకుంది. క్లోవిస్ గేరు మార్చి, ఇంజను చప్పుడు వింటూ, ఒకటి రెండుసార్లు అద్దంలో ఆమెని చూశాడు. బండి ఆగలేదు.

చర్చి ముందు వ్యాన్లు ఎక్కడ పడితే అక్కడ ఆగి ఉన్నాయి. జనం మెట్లనిండా ఉన్నారు. నీలం బస్సు రావడం చూసి అందరూ ఇటు తిరిగారు. తలుపు జరిగి, ఎల్మీనా కాలు కింద పెట్టేసరికి మాటలన్నీ ఆగిపోయాయి.

"క్లోవిస్!" డ్రైవర్లలో పెద్దవాడు కాబోలు, తెల్లగడ్డం ఊగుతోంది. "ఏం పనిరా ఇది? ఎవరెక్కమన్నారీవిడని?"

"నేనెక్కించలేదు, ఆవిడే ఎక్కింది! దిగమంటే దిగదు. నేనేం చెయ్యను, పీకి పారేయనా?"

"బుద్ధుందా నీకు? రేపా బండి ఎవరు ముట్టుకుంటారు?"

"లోపల మూత పెడుతున్నారు, గొడవ తరవాత చూసుకోండి" అన్నారెవరో. ఆ మాట వినగానే ఎల్మీనా జనాన్ని తోసుకుంటూ మెట్లెక్కింది. ఎవరో భుజం పట్టుకున్నారు. ఆమె విదిలించుకుంది.

గుమ్మంలో నల్లబట్టల్లో ఒక పొడుగాటి ఆడమనిషి ఎదురొచ్చింది. ఏడ్చి ఏడ్చి కళ్ళు వాచినా మాట మాత్రం నిలకడగా ఉంది. "నా మొగుడి బస్సులో వచ్చింది నువ్వేనా?"

"నేనే. తప్పే. మీ పద్ధతి నాకు తెలీదు. ఒక్కసారి మొహం చూసి పోతాను."

"నువ్వెవరు?"

ఇక దాచడానికేమీ లేదు. "టైటస్ మా అన్న."

ఫిలోమీన్ ఆమెని కిందనించి పైదాకా చూసింది. "చావింట్లో ఎందుకమ్మా అబద్ధాలు? ఇక్కడ పంచుకోడానికి కూడా ఏం లేదు. ఆయనకి ఒక్కతే చెల్లెలు. అది బూడిదలో పోయింది. భుజాలమీద మోసుకొచ్చి, దింపి చూస్తే పలకలేదు. ఎంత కుదిపినా కళ్ళు తెరవలేదు. చర్చిలో బెంచీమీద పడుకోబెట్టి, గొయ్యి తవ్వేదాకా ఉండలేక, కనిపించిన పడవెక్కి వచ్చేశాడు. పెళ్ళైన కాణ్ణించి ఈ మాట వింటూనే ఉన్నాను. జ్వరం వస్తే చాలు, అదే కలవరింత."

ఎల్మీనా చర్చి తలుపు పట్టుకుని నిలబడింది.

"చావలేదు" అంది. "నిద్రపోయాను."

మెట్లమీద ఎవరూ కదల్లేదు. లోపల పాట పాడుతున్నవాళ్ళకి సంగతి తెలియక ఆ చరణం పూర్తిచేశారు.

"మెలకువొచ్చేసరికి దుప్పటి కప్పి ఉంది" అంది ఎల్మీనా. "అన్న లేడు. వదిలేసి పోయాడనుకున్నాను."

ఫిలోమీన్ చెయ్యి నోటికి అడ్డం పెట్టుకుంది. ఆ చెయ్యి తీసి ఎల్మీనా మణికట్టు పట్టుకుంది. బెంచీల మధ్య నడవలోంచి తీసుకుపోతుంటే రెండు పక్కలా జనం ఒదిగారు. పెట్టె దగ్గర నలుగురు మగవాళ్ళు మూత ఎత్తి పట్టుకుని ఉన్నారు.

"ఫాదర్, ఆగండి. ఇంకా ఒకరు చూడాలి" అంది ఫిలోమీన్.

మూత వెనక్కి పోయింది.

పెట్టెలో ఒక పెద్దాయన. చెంపలకి పౌడరు. తెల్లబడిన మీసం చక్కగా కత్తిరించి ఉంది. నుదుటిమీద అడ్డంగా రెండు గీతలు, జీవితమంతా ఎండలోకి చూసి బండి నడిపినవాళ్ళకి పడేవి. మెడకి టై, దానిమీద డ్రైవర్ల సంఘం బిళ్ళ. తలచుట్టూ, చెవులు మూసేసి, తెల్లటి మెత్తగుడ్డ కుచ్చులు కుచ్చులుగా పెట్టారు. ఎల్మీనా వంగి చూసింది. ముక్కు చూసింది, పెదాలు చూసింది, మళ్ళీ మొదటినించి చూసింది. లోపల ఏదో ఒకటి కదులుతుందని కాచుకుంది. ఏదీ కదల్లేదు. తెలిసిన మొహం కాదు. తెలియని మొహం అనడానికి కూడా లేదు. పక్కన పెట్టి పోల్చుకోడానికి ఆమె దగ్గర ఇంకో మొహం ఎప్పుడూ లేదు.

మెట్లమీద కోప్పడ్డ తెల్లగడ్డం ఆయన టోపీ నలుపుతూ దగ్గరకొచ్చి నిలబడ్డాడు. ఫిలోమీన్ ఆమె మణికట్టు వదల్లేదు.

"ఆయనేనా?" అంది మెల్లగా.

ఎల్మీనా ఆమె కళ్ళలోకి చూసింది. కాదన్నా, ఏమో అన్నా ఆ కళ్ళు తట్టుకునేటట్టు లేవు.

"ఆయనే" అంది.

చర్చిలో ఒక్కసారిగా ఏడుపు లేచింది. ఎవరెవరో వచ్చి ఎల్మీనాని కావలించుకున్నారు, చేతులు నొక్కారు, పత్వాలో ఓదార్చారు. ఆమెని తీసుకెళ్ళి మొదటి బెంచీలో, విన్సీ కొడుకుల పక్కన కూర్చోబెట్టారు. ఆమె కూడా ఏడ్చింది. ఎవరి కోసమో తెలియలేదు. పెట్టెలో ఉన్నాయన కోసమైతే కాదు.

మట్టి వేశాక, ఇంటి ముందు పందిరి కింద ఉడికించిన పచ్చి అరటికాయలు, ఉప్పుచేప, కుండల్లో కోకో టీ. క్లోవిస్ పళ్ళెం తెచ్చి ఎల్మీనా చేతిలో పెట్టాడు. "రక్తం అని ముందే చెప్పి ఉంటే నేనన్ని మాటలు అనేవాణ్ణా?" అన్నాడు, తప్పంతా ఆమెదే అన్నట్టు. "దార్లో నేను తిట్టినవన్నీ నీకర్థం కాలేదుగా?"

"లేదు."

"దేవుడు గొప్పవాడు."

ఆడవాళ్ళు ఆమె చుట్టూ చేరారు. చిన్నప్పుడు విన్సీ ఎలా ఉండేవాడు, అల్లరివాడేనా, పాటలు పాడేవాడా అని అడిగారు. వాళ్ళు మాత్రం అతని గురించి ఎడతెగకుండా చెప్పుకున్నారు. కాన్పు మనిషిని ఎక్కించుకుని గంట దారి అరగంటలో కొట్టాడట. కోడిపుంజుకి కూడా టికెట్టు కొట్టాడట. ఒకావిడ బస్సెక్కి గుడ్ మార్నింగ్ అనకపోతే, అనేదాకా బండి కదల్చలేదట. నవ్వులు, ఏడుపులు కలిసిపోయాయి. ఎల్మీనా అన్నిటికీ తలూపింది. పక్క ఊళ్ళో పెద్దమనిషి ఎవరో పోతే విన్నట్టు వింది.

చీకటిపడి జనం పలచబడ్డాక ఫిలోమీన్ వచ్చి పక్కన కూర్చుంది.

"బతికే ఉన్నానని ఒక్క కబురు పంపలేకపోయావా?" అంది.

"అక్కర్లేదనుకుని పోయాడనుకున్నాను వదినా. అక్కర్లేనివాడికి కబురెందుకని."

ఫిలోమీన్ తలూపింది. అందులో కోపం ఉందో, జాలి ఉందో ఎల్మీనాకి తెలియలేదు. ఇద్దరి మధ్య కుర్చీ మీద ఎవరో వదిలేసిన పళ్ళెంలో ఈగలు ముసురుతున్నాయి. "లోపల పక్క వేశాను. పడుకో" అని ఫిలోమీన్ లేచి వెళ్ళిపోయింది.

పొద్దున్న క్లోవిస్ తన సొంత బస్సులో ఆమెని రేవు దగ్గర దింపాడు. మళ్ళీ రమ్మన్నాడు. వస్తానంది. కెల్రాయ్ పడవలో ఒక చివర ముడుచుకుని పడుకుని ఉన్నాడు. లేపితే కళ్ళు నులుముకుని ఇంజను లాగాడు.

కొండలు వెనక్కి పోయి, నీళ్ళు ముదురు నీలంలోకి మారాక, వాడు ఇంజను చప్పుడు మీదుగా గొంతెత్తాడు.

"మావయ్యని చూశావా?"

"చూశాను."

"ఎలా ఉన్నాడు?"

ఎల్మీనా కళ్ళు మూసుకుంది. బూడిద కురుస్తున్న రోడ్డు వచ్చింది, ఆ భుజాలు వచ్చాయి. పైనించి తల కోసం చూసింది. ఆ తల మెల్లగా వెనక్కి తిరిగింది. తెల్లమీసం, చెంపలకి పౌడరు. మళ్ళీ ప్రయత్నించింది. మళ్ళీ అదే తిరిగి చూసింది.

"పెద్దాడైపోయాడురా" అంది.